తొమ్మిది నాలుకలు మొద్దుబారిన వైనం

"ఫిజీలో దీవులు మూడువందల ముప్ఫై. వాటన్నిటికీ కలిపి పరిశోధక బుర్ర ఒక్కటే. ఆ ఒక్కటీ ఇదిగో, ఈ టోపీ కింద ఉంది" అన్నాడు ఫిలిమోని, టోపీ తీసి చూపిస్తూ.

టోపీ కింద బట్టతల ఉంది. అంతకు మించి ఇంకేమైనా ఉన్నట్టు నాకు ఇంతవరకు సాక్ష్యం దొరకలేదు.

ఫిలిమోని నాకు వరసకు బావ, మేనత్త కొడుకు. బావలు ఒకరినొకరు ఎన్ని మాటలైనా అనుకోవచ్చని మా పెద్దలు హక్కు రాసిచ్చారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇతని గురించి నేను ఇన్నేళ్ళుగా అన్నవాటికి ఈపాటికి కోర్టు బోనులో ఉండేవాణ్ణి. సువాలో, వాలు బే రేవు పక్కన ఉన్న మా పరీక్షశాలలో అతను స్టోరు గుమాస్తా. జేబులో కార్డుల మీద మాత్రం 'నేర పరిశోధక శిఖామణి' అని ఉంటుంది. శిఖ లేనివాడికి మణి ఎక్కడ తగిలించారో అచ్చువేసినవాణ్ణే అడగాలి.

మా పరీక్షశాలలో జనం నోట్లో పెట్టుకొనే సరుకుల్ని పరీక్షిస్తాం. టూత్‌పేస్టు పంటిని గీకేస్తుందా, బ్రష్షు కుచ్చులు లాగితే ఊడివస్తాయా, పుక్కిలించే మందు నోటిని మండిస్తుందా చూసి కాగితం రాస్తాం. 'సురక్షితం' అని రాస్తే సరుకు బయటికి వెళ్తుంది. 'సురక్షితం కాదు' అని రాస్తే ఆ పేరుతో మళ్ళీ ఎవరూ ముట్టరు. ఆ పరీక్షలు చేసేవాణ్ణి నేను, సకియాసిని.

ఫిలిమోని ఛేదించిన పాత కేసు ఒకటి చెబితే మనిషి అర్థమవుతాడు. టూత్‌పేస్టులో మేమే కావాలని క్రిములు కలుపుతాం. పేస్టు వాటిని ఎన్నాళ్ళలో చంపుతుందో చూడటం మా పని. నేను క్రిములు కలుపుతుండగా కిటికీలోంచి చూసి ఇతను పోలీసులకు ఫోన్ చేశాడు. "పట్టపగలు, పళ్ళు తోముకొనే ప్రజల మీద హత్యాయత్నం!" అన్నాడట. సొంత బావమరిదిని రెండు గంటలు స్టేషన్లో కూర్చోబెట్టి, బయటికొచ్చాక భుజం తట్టి, "నా వృత్తిలో బంధుత్వాలు లేవురా" అన్నాడు.

ఇక అసలు కేసు.

కోరో దీవి నుంచి లోసన అనే ఆవిడ ఒక మౌత్‌వాష్ తెచ్చింది. జామాకు, నిమ్మాకు, సముద్రపు ఉప్పు. ఆమె కూతురికి ఏడేళ్ళకే దవడపళ్ళన్నీ పుచ్చిపోతే, దంతవైద్యుడున్న పడవ వచ్చేదాకా ఆ పిల్ల నాలుగు వారాలు ఏడుస్తూనే ఉందట. అప్పుడు మొదలుపెట్టి, ఊళ్ళో ఆడవాళ్ళను పోగుచేసి, కాచి, వడగట్టి, పారబోసి, మళ్ళీ కాచి తొమ్మిదేళ్ళకు ఒక దారికి తెచ్చింది. దీవుల్లో ఉన్న బడి పిల్లలందరికీ ఇస్తామని ఆరోగ్యశాఖ ఒప్పుకొంది. మా కాగితం ఒక్కటే కావాలి. సీసాలు తీసుకెళ్ళే ఓడ శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరుతుంది.

మా పద్ధతి ఇది. పన్నెండు మంది పనివాళ్ళు రోజూ పదిన్నరకు పుక్కిలిస్తారు. మొదటి వారం ఉప్పేసిన ఉత్త నీళ్ళు, రెండో వారం అసలు మందు. రెండూ ఒకే పచ్చరంగులో ఉంటాయి. సీసాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. నాలుగు వందల పదిహేడు నీళ్ళు, ఐదు వందల ఎనభై రెండు లోసన మందు. ఏది ఏదో నాకూ, మా పెద్ద కమ్లావతి మేడమ్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. పుక్కిలించాక ఫారం నింపాలి. మంట ఉందా, పొడిబారిందా, మొద్దుబారిందా?

మొదటి వారం పన్నెండు మందీ అన్నిటికీ 'లేదు' అని రాశారు. రెండో వారం సోమవారం తొమ్మిది మంది 'నోరు మొద్దుబారింది' అని రాశారు. మంగళవారం అదే తొమ్మిది మంది. బుధవారం కూడా అదే తొమ్మిది మంది.

లవంగనూనె ఉందేమోనని వెతికాను. లేదు. పళ్ళు పీకేటప్పుడు ఇచ్చే మత్తుమందుల కోసం వెతికాను. అవీ లేవు. జామాకు నోటిని మొద్దుబార్చడం నేనెక్కడా చదవలేదు. బుధవారం సాయంత్రం మేడమ్ నన్ను పిలిచింది.

"రాయి, సకియాసీ. సురక్షితం కాదు అని."

"మేడమ్, మందులో ఏమీ కనబళ్ళేదు కదా!"

"కనబడకపోతే ఇంకా ప్రమాదం. చిన్నపిల్లలయ్యా వాళ్ళు. మొద్దునోటితో నాలుక కొరుక్కుంటే నువ్వొచ్చి కుట్లేస్తావా?"

ఆవిడ మాటలో తప్పులేదు. నేను రాశాను. సంతకం కూడా చేశాను. బయట బెంచీ మీద లోసన మూడు రోజులుగా తాటాకు విసనకర్రతో విసురుకుంటూ కూర్చునే ఉంది. రేపు చెబుతామని ఆమెకు చెప్పి, ముఖం చాటేసుకొని వచ్చాను. నాకు నా మీదే అసహ్యం వేసింది.

సరిగ్గా అప్పుడే ఫిలిమోని టోపీ తీసి, పైన చెప్పిన ప్రకటన చేశాడు.

"కేసు నాకు వదిలెయ్యరా బావమరిదీ. దీని వెనకాల ఒక మహా హస్తం ఉంది."

"నీ హస్తం స్టోరులో ఉండాల్సిన టైమిది. చేతి తొడుగులు అడిగి రెండు రోజులైంది."

"తొడుగులా! నేరస్థులు వాడేవి కూడా అవే!" అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. "అనుమానితుడు నంబర్ వన్, సకియాసి."

విచారణ మొదలైంది. లోసన చేతిసంచీ తెరిచి, అందులో ఉన్న తెల్ల పొడి వాసన చూసి, నాలుక మీద వేసుకొని, "రసాయనం!" అని అరిచాడు. అది కసావా, కర్రపెండలం పిండి. ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. ఆ చూపు, ఊళ్ళో పిచ్చివాడు ఎదురైతే పక్కకు తప్పుకొనేవాళ్ళు చూసే చూపు. తర్వాత ఫోర్క్‌లిఫ్టు నడిపే తనియేలాను పట్టుకున్నాడు. తనియేలా ఒక చేత్తో గోనెసంచి ఎత్తే మనిషి. మొద్దుబారిన తొమ్మిది మందిలో ఒకడు.

"నిజం చెప్పు. పుక్కిలించాక ఎలా ఉంది?"

"హాయిగా ఉంది" అన్నాడు తనియేలా, చిరునవ్వుతో.

"హాయిగానా! ఎవరిమీదైనా కోపం వచ్చిందా?"

"ఎవరి మీదా లేదు. నీ మీద కూడా లేదు ఫిలిమోనీ."

"రాసుకోరా బావమరిదీ! ఇది మెదడుకు ఎక్కే విషం!"

ఎవరికి ఎక్కినా ఇతనికి మాత్రం ఎక్కే ప్రమాదం లేదు. కానీ ఒక్కమాట ఒప్పుకోవాలి. ఆ వారం మావాళ్ళు నిజంగానే ఎవరితోనూ పోట్లాడలేదు. ఆ తొమ్మిది మందీ లోకాన్నంతా క్షమించేసినట్టు ముఖాలు పెట్టుకొని, ఆవలిస్తూ, నిదానంగా ఫారాలు నింపుతున్నారు. నేనది ఎండ ప్రభావం అనుకున్నాను. ఇరవయ్యేళ్ళుగా నోళ్ళు పరీక్షించేవాణ్ణి, నేననుకున్నది అది.

గురువారం పొద్దున పది గంటల విరామం అవగానే ఫిలిమోని అందరినీ పరీక్ష గదిలోకి పోగుచేశాడు. పన్నెండు మందీ వచ్చారు. బెంచీ మీదున్న లోసననూ పిలిచాడు. గోల విని కమ్లావతి మేడమ్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవరూ కదలొద్దు. హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు."

"చచ్చింది ఎవరు?" అని అడిగింది మేడమ్.

ఫిలిమోని నోటుపుస్తకం తిరగేశాడు. "ఇంకా ఎవరూ చావలేదు మేడమ్. అదే వాళ్ళ తెలివి."

తర్వాత వెనక్కి చేతులు కట్టుకొని అటూ ఇటూ నడిచాడు. గది చిన్నది కాబట్టి రెండడుగులకోసారి గోడ తగిలింది.

"పన్నెండు మంది పుక్కిలించారు. తొమ్మిది మందికి ఎక్కింది, ముగ్గురికి ఎక్కలేదు. ఎందుకెక్కలేదు? ముందే విరుగుడు మింగారు కాబట్టి! విరుగుడు ఎవరి దగ్గరుంటుంది? విషం పెట్టినవాడి దగ్గర! ఆ ముగ్గురూ ఎవరు? డ్రైవర్ మెసాకె, వంటావిడ, తుడిచే ఆవిడ. ఈ ముగ్గురికీ ఉన్న రహస్య సంబంధం ఏమిటి? ముగ్గురూ శనివారం చర్చికి వెళ్తారు! ముఠా! విదేశీ టూత్‌పేస్టు కంపెనీల ముఠా!"

మెసాకె లేచి నిలబడ్డాడు. టీ, కాఫీ, సిగరెట్టు ముట్టని మనిషి. గొంతు పెంచడం కూడా పాపమనుకొనే రకం.

"దేవుడి సాక్షి ఫిలిమోనిగారూ, మేం చర్చిలో పాటలు పాడతాం, అంతే."

"పాటల్లో సంకేతాలు!"

"నోరు ముయ్యి బావా" అన్నాను. నిజంగానే కోపం వచ్చింది. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి బండి కడిగే మనిషి మెసాకె. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వంటావిడ అతని చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టింది.

"నమ్మరా?" ఫిలిమోని బల్ల దగ్గరకు నడిచాడు. "ప్రాణాలకు తెగించి నేనే నిరూపిస్తాను. నాకు ఏమైనా అయితే నా కార్డులు మా అమ్మకివ్వండి."

బల్ల మీద రెండు పచ్చ సీసాలున్నాయి. ఒకటి అందుకొని, గ్లాసులో కూడా పోసుకోకుండా, ఎత్తి నోట్లో ఒంపుకొన్నాడు. బుగ్గలు ఉబ్బాయి. ముప్ఫై సెకన్లు పుక్కిలించాడు. ఈ మనిషి నోటివెంట మాట రాకుండా ముప్ఫై సెకన్లు గడవడం నేనెన్నడూ ఎరగను. తుప్పున ఉమ్మి, పెదాలు తడుముకొని, గుండె మీద చెయ్యి వేసుకొన్నాడు.

"మొద్దుబారింది! పెదవి లేదు! నాలుక ఉందో లేదో తెలీదు! చూశారా! ఇదీ ఐదు వందల ఎనభై రెండు చేసిన ఘోరం!"

లోసన తలదించుకొంది. విసనకర్ర ఆగిపోయింది.

నేను సీసా అందుకొని అంకె చూశాను. మళ్ళీ చూశాను. మేడమ్‌కు చూపించాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకొని చూసింది.

"బావా, ఇది నాలుగు వందల పదిహేడు" అన్నాను. "ఇవి నీళ్ళు. మన కుళాయి నీళ్ళలో నేను ఉప్పేశాను."

పన్నెండు మందీ ఫిలిమోని పెదాల వైపు చూశారు.

"అంటే... నీళ్ళలో కూడా విషం..." అని మొదలుపెట్టాడు ఫిలిమోని.

"నోరెత్తావంటే!" మేడమ్ ముందుకొచ్చింది. "ఇటు చూడు. పుక్కిలించకముందు ఏం తాగావ్?"

"ఏమీ తాగలేదు మేడమ్."

"టీ?"

"లేదు."

"బీరు?"

"ఛ ఛ, డ్యూటీలోనా!"

"మరి చొక్కా మీద ఆ బురద మరకేంటి?"

ఫిలిమోని చొక్కా చూసుకున్నాడు. నిర్దోషి చూసే చూపుతో మేడమ్ వైపు చూశాడు. "అదా! గ్రాగ్. గ్రాగ్ తాగడం కూడా తాగడమేనా మేడమ్?"

తొమ్మిది మందీ ఒకేసారి నేల చూపులు చూశారు. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకున్నారు.

విషయం చిప్ప చిప్పగా బయటపడింది. ఫిలిమోని సెలవు మీద కాండవు దీవికి వెళ్ళి, పోయిన ఆదివారమే తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ మోపెడు యాంగోనా వేర్లు తెచ్చాడు. దంచి, గుడ్డలో వేసి, నీళ్ళలో పిసికితే వచ్చే మట్టిరంగు గ్రాగ్ మావాళ్ళకు ప్రాణం. రెండు కొబ్బరిచిప్పలు పడితే నాలుక, పెదాలు మొద్దుబారతాయి, మనసు చల్లబడుతుంది. ఈ సంగతి ఫిజీలో ఊయల్లో ఉన్న పిల్లకు కూడా తెలుసు. ఆవరణలో గ్రాగ్ కూడదని మేడమ్ పోయిన ఏడాదే నిషేధించింది. అయినా సోమవారం నుంచి రోజూ పది గంటలకు, వెనక షెడ్డులో, ఇతను గిన్నెడు పిసికి, తన వీరగాథలు చెబుతూ తొమ్మిది మందికీ పోశాడు. పదిన్నరకు వాళ్ళు నేరుగా వచ్చి నా దగ్గర పుక్కిలించారు. ఆ కథలు వినలేక నేను షెడ్డు వైపే వెళ్ళలేదు. శనివారం చర్చివాళ్ళు టీ, కాఫీలతోపాటు గ్రాగ్ కూడా ముట్టరు; ఆ ముగ్గురే మా మెసాకె ముఠా.

చంకలో పిల్లను పెట్టుకొని ఊరంతా వెతకడం విన్నాను. పిల్లకు పాలు కూడా పడుతూ వెతికినవాణ్ణి ఇప్పుడే చూశాను.

"ఫారంలో అడిగాం కదా!" నేను తనియేలా మీద పడ్డాను. "రెండు గంటల్లోపు ఏమైనా తాగారా అని!"

"టీ, కాఫీ, బీరు అని రాశారు అందులో. గ్రాగ్ అని లేదు."

"మరి మొద్దుబారిందని ఎందుకు రాశావ్?"

"మొద్దుబారిందా అని అడిగావు, బారింది అన్నా. ఎందుకు బారింది అని అడిగావా?"

ఆ ఫారం తయారు చేసింది నేనే.

"మరి ఆ అమ్మ బతుకు పోతుంటే నోట్లోంచి మాట రాలేదా?" అంది మేడమ్.

తనియేలా అప్పుడు లోసన వైపు చూశాడు. అంత పెద్ద మనిషీ కుంచించుకుపోయాడు. "నిషేధం కదా మేడమ్... ఉద్యోగం పోతుందని..." అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే ఏడు గంటలకు పన్నెండు మందినీ వరసగా నిలబెట్టాం. మేడమ్ స్వయంగా ఒక్కొక్కరి నోరూ వాసన చూసింది. ఆవిడ జీతం ఎంతైనా ఆ పూట చాలదు. సగం మందికి నీళ్ళు, సగం మందికి లోసన మందు ఇచ్చి, గంట తర్వాత మార్చి ఇచ్చాం. గ్రాగ్ దొరకని తొమ్మిది మందీ చిటపటలాడుతూ పుక్కిలించారు. పన్నెండు ఫారాల్లోనూ మొద్దుబారిందా అన్నచోట 'లేదు' అని ఉంది. పాత కాగితం నేనే చింపి, కొత్తది రాశాను. మేడమ్ సంతకం చేసేటప్పటికి పదిన్నర.

"ఇప్పుడు రేవుకు వెళ్ళి క్షమాపణ అడగండి, ఇద్దరూ" అంది ఆవిడ.

"కేసు ఛేదించినవాడు క్షమాపణ అడగడమేంటి మేడమ్?" అన్నాడు ఫిలిమోని.

ఆవిడ చూసిన చూపుకు టోపీ తనంతట తానే చేతిలోకి వచ్చింది.

తప్పు చేసినవాడు యాంగోనా వేరు ముందు పెట్టి, తలదించుకు కూర్చోవాలి. ఎదుటివాళ్ళు దాన్ని అందుకొనేదాకా తల ఎత్తకూడదు, నోరు విప్పకూడదు. మాకు ఇంకో పద్ధతి తెలియదు. ఊళ్ళో ఆ పూటకు ఎక్కడా మంచి వేరు దొరకలేదు. చివరికి ఫిలిమోని మోపులో మిగిలిందే, ఆ నేరం చేసిన వేరే, భుజాన వేసుకొని వెళ్ళాం. దారిలో మెసాకె బండి ఆపి ఎక్కించుకున్నాడు. ఫిలిమోని అతనికి క్షమాపణ చెప్పాడా అంటే, "ముఠా లేదని తేలింది, నీ మీద మచ్చ పోయింది, సంతోషించు" అన్నాడు. మెసాకె సంతోషించాడు. అలాంటివాళ్ళ వల్లే ఇలాంటివాళ్ళు బతికిపోతున్నారు.

రేవులో లోసన సీసాల పెట్టెల దగ్గర నిలబడి ఉంది. మేం వేరు ముందు పెట్టి, కాలే సిమెంటు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాం. అనాల్సిన నాలుగు మాటలు నేను అన్నాను. కాగితం ఆమె చేతిలో పెట్టాను. తర్వాత తలలు దించుకున్నాం.

ఆమె వేరు అందుకోలేదు. కాగితం చదువుకుంది. ప్రతి అక్షరం చదివినట్టుంది. తర్వాత పెట్టెలు ఎక్కించడం మొదలుపెట్టింది. మా పక్కనుంచే ఒక్కొక్క పెట్టె వెళ్తోంది. ఫిలిమోని మెడ మీంచి చెమట కారుతోంది. రెండుసార్లు నోరు తెరవబోయాడు, రెండుసార్లు డొక్కలో పొడిచాను. ఓడ మొదటి కూత వేసింది. ఆఖరి పెట్టె కూడా ఎక్కింది. అప్పుడు ఆమె వచ్చి మా ఎదుట కూర్చుంది.

"తమ్ముడూ, తొమ్మిది నాలుకలు చెబితే మూడు రోజుల్లో నమ్మేశారు. తొమ్మిదేళ్ళు నేను చేసింది నమ్మడానికి మాత్రం మీకు ఎవరో ఒక తిక్కలోడు నీళ్ళు పుక్కిలించాల్సొచ్చింది" అంది.

నేను తల ఎత్తలేదు. ఎత్తకూడదని కాదు, ఎత్తలేక.

ఆమె వేరు మీద చెయ్యి వేసి, మూడుసార్లు చప్పట్లు చరిచింది. "అందుకున్నాను. లేవండి. ఇది కోరోకు తీసుకెళ్తా. మీ చేతుల్లో ఉంచడం దేశానికి మంచిది కాదు." వేరు భుజాన వేసుకొని నిచ్చెన ఎక్కుతూ వెనక్కి తిరిగి ఫిలిమోనిని చూసింది. "మొన్న మా ఊళ్ళో రెండు కోళ్ళు పోయాయి. ఎవరైనా వచ్చి చెబితే, నువ్వు మాత్రం రావద్దు బాబూ. కోళ్ళు పోతే పోయాయి, ఊరు మిగలాలి."

రేవు మొత్తం నవ్వింది. కూలీలు నవ్వారు, ఓడ మీదున్నవాళ్ళు నవ్వారు, ఆఖరికి మెసాకె కూడా పాపమనుకోకుండా నవ్వాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, నవ్వుకో సిగ్గుకో తెలియలేదు. పెట్టెలన్నీ ఎక్కిన ఓడ గట్టు వదిలింది.

ఫిలిమోని మాత్రం అప్పటికే గట్టు అంచుకు పరుగెత్తి, నోటుపుస్తకం తెరిచి, రెండో చెయ్యి నోటికి అడ్డం పెట్టుకొని అరుస్తున్నాడు.

"అక్కా! ఏ రంగు కోళ్ళక్కా?"